చెప్పుకోలేని తలనొప్పి: బింగెన్ పునీత హిల్డెగార్డు జీవితం

కోరుట్లలో గానీ సిరిసిల్లలో గానీ పగటిపూట ఏ వాడకట్టులోకి వెళ్లినా, ఇంటి ముందు నీడలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు కనిపిస్తారు. తడిపిన తునికాకును కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, లెక్క పూర్తయ్యేదాకా వంచిన తల ఎత్తరు. వారిని ఒంట్లో ఎలా ఉందని అడిగి చూడండి. మెడ గుంజుతుందంటారు, నడుము నొస్తుందంటారు, దగ్గు వదలడం లేదంటారు. తలనొప్పి సంగతి అడిగితే నవ్వి ఊరుకుంటారు. అది కూడా ఒక రోగమేనా అన్నట్లు!

కానీ కొందరికి వచ్చేది మామూలు తలనొప్పి కాదు. ముట్టు రావడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలవుతుంది. తలలో ఒక పక్కనే సుత్తితో కొట్టినట్లు పోటు. అన్నం చూస్తే వాంతి. వెలుతురు పడదు. సిరిసిల్లలోనైతే పక్కింటి సాంచెల మోత వింటే ప్రాణం పోయినట్లుంటుంది. తంబాకు ఘాటు తగిలితే కడుపులో తిప్పుతుంది. ఇంకొందరికి ఇంతకంటే వింతలు జరుగుతాయి. నొప్పికి ముందు కళ్ల ఎదుట వంకర టింకర గీత ఒకటి మెరుస్తూ పెద్దదవుతుంది. దాని నడుమ ఉన్న వస్తువు కనబడదు. వేళ్లకు తిమ్మిరెక్కి, ఆ తిమ్మిరి మోచేయి మీదుగా పెదవి దాకా పాకుతుంది. కడుపున పుట్టిన బిడ్డ పేరు నోటికి రాదు. గంట గడిస్తే ఇవన్నీ సర్దుకుంటాయి, ఆపైన నొప్పి మిగులుతుంది.

ఈ మాట ఎవరికి చెప్పాలి? అత్తకు చెబితే గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తుంది. జగిత్యాల చుట్టుపక్కల పల్లెల్లో ఎందరి భర్తలో గల్ఫు దేశాల్లో ఉన్నారు. ఫోనులో చెబితే అక్కడ ఆయన నిద్రపోడు. ముట్టుతో ముడిపడిన సంగతి కనుక మగ డాక్టరు ముందు అసలే నోరు రాదు. అందుకే ఈ వారం, ఇలాంటి వింత వెలుగులను పసితనం నుండి చూస్తూ, నడివయసు వచ్చేదాకా లోకానికి చెప్పకుండా దాచుకున్న ఒక స్త్రీ జీవితాన్ని మీ ముందు ఉంచుతున్నాను. ఆమె మఠకన్య. సెప్టెంబరు 17న శ్రీసభ ఆమె పండుగ జరుపుకుంటుంది.

హిల్డెగార్డు 1098లో జర్మనీ దేశంలో, రైను నదీ ప్రాంతంలో, ఒక కులీన కుటుంబంలో పుట్టింది. తండ్రి హిల్డెబెర్టు, తల్లి మెఖ్తిల్డు. మన వైపు అనుమకొండలో తొలి కాకతీయులు చాళుక్యుల సామంతులుగా ఉన్న రోజులవి. జగిత్యాల పక్కనున్న పొలాస అప్పట్లో పొలవాస ప్రభువుల ఏలుబడిలో ఒక రాజ్యానికి ముఖ్య పట్టణం. హిల్డెగార్డు ఆ ఇంట పదవ బిడ్డ. పంటలో పదవ వంతు దేవునికి ఇచ్చినట్లే పదవ బిడ్డను కూడా దేవునికి అర్పించారని ఆమె చరిత్ర రాసినవారు చెబుతారు.

ఆమెకు మూడేళ్ల వయసులోనే మొదటిసారి ఒక గొప్ప వెలుగు కనబడి ఒళ్లు జలదరించింది. మాటలు సరిగా రాని వయసు, ఎవరికి చెప్పగలదు? కొంచెం పెద్దయ్యాక తనను పెంచే దాదిని అడిగింది, బయట కనిపించేవి కాకుండా నీకు ఇంకేమైనా కనబడుతుందా అని. ఏమీ కనబడదని దాది చెప్పింది. ఆ రోజుతో పిల్లకు భయం పట్టుకుంది. అందరూ చూసేదే లోకమనీ, తాను చూసేది ఇంకెవరూ చూడరనీ తెలిసిపోయింది. ఒక్కోసారి ఆ వెలుగు ప్రభావంలో ఉండి వినేవారికి వింతగా తోచే మాటలు మాట్లాడేసేది. వెలుగు తగ్గాక సిగ్గుతో ఏడ్చేది. ఈ సంగతులన్నీ పెద్దయ్యాక ఆమె స్వయంగా చెప్పుకున్నవే. చిన్నప్పటి నుండి ఆమెకు జబ్బు చేయని సంవత్సరం లేదు.

ఎనిమిదేళ్లకు తల్లిదండ్రులు ఆమెను దేవునికి అప్పగించారు. 1112 నవంబరు 1న, సకల పునీతుల పండుగనాడు, డిసిబోడెన్‌బెర్గు కొండ మీది మఠం పక్కన జుట్టా అనే కులీన యువతితో పాటు ఆమె ఏకాంతవాసంలోకి వెళ్లింది. లోకానికి తలుపు మూసుకున్న గది అది. అక్కడే జుట్టా ఆమెకు కీర్తనల గ్రంథం చదవడం నేర్పింది. పాడటం నేర్పింది. క్రమంగా మరికొందరు అమ్మాయిలు వచ్చి చేరి, ఆ గది చిన్న మఠమయింది. తన వెలుగుల సంగతి హిల్డెగార్డు జుట్టాకు చెప్పింది. జుట్టా ఆ మాటను వోల్మారు అనే మఠవాసి చెవిన వేసింది. ఇంకెవరికీ తెలియదు. 1136లో జుట్టా చనిపోయినప్పుడు మఠకన్యలు హిల్డెగార్డునే పెద్దగా ఎన్నుకున్నారు.

1141లో, ఆమెకు నలభై రెండేళ్ల ఏడు నెలల వయసులో, ఆకాశం తెరుచుకుని మండే వెలుగు తన తలలోకి, గుండెలోకి దిగినట్లు అయింది. చూసింది రాయమన్న ఆజ్ఞ కూడా వినబడింది. ఆమె రాయలేదు. లోకం ఏమంటుందోననే జంకు. మఠంలో ఆడపిల్ల, లతీను భాషా వ్యాకరణం కూడా సరిగా చదువుకోనిది, దేవుడు నాతో మాట్లాడాడంటే నమ్మేదెవరు? జంకుతూ మంచం పట్టింది. వోల్మారు ధైర్యం చెప్పి కలం చేతికిచ్చాక లేచి కూర్చుంది. అలా మొదలైన మొదటి గ్రంథం ‘స్కీవియాస్’ పూర్తి కావడానికి పదేళ్లు పట్టింది. 1147–48లో ట్రియర్ నగరంలో సభ జరుపుతున్న పోపు మూడవ యూజీనుగారు ఆ రాతల సంగతి విని, మనుషులను పంపి విచారించి, కొన్ని పుటలు తెప్పించుకుని చదివి, రాయమని అనుమతి ఇచ్చారు. క్లేర్వో పునీత బెర్నార్డుగారు కూడా ఆమె పక్షాన నిలిచారు.

ఇక ఆ వెలుగు ఎలాంటిది? తాను నిద్రలో కాదు, మైకంలో కాదు, మెలకువగా ఉండే చూస్తానని ఆమె ముసలితనంలో రాసిన ఒక జాబులో స్పష్టంగా చెప్పింది. ఆ వెలుగుకు పొడవు వెడల్పులు లేవు, ఒక చోటు లేదు, సూర్యుణ్ణి కప్పిన మేఘం కంటే ప్రకాశమైనది. దానిలో అప్పుడప్పుడు ఇంకో వెలుగు. అది చూసినప్పుడు బాధలన్నీ మరిచిపోయి, ముసలామె కాస్తా చిన్నపిల్ల అయినట్లు ఉంటుందట. ‘స్కీవియాస్’లో ఒకచోట పెద్ద నక్షత్రం ఒకటి అసంఖ్యాకమైన నిప్పురవ్వలతో కలిసి కదిలి పోతుంది, ఉన్నట్టుండి అన్నీ ఆరిపోయి నల్లని బొగ్గులై అగాధంలో పడిపోతాయి. ఆమె దాన్ని గర్వించిన దూతల పతనంగా వివరించింది. కోట గోడలు, బురుజులు, మెట్లుమెట్లుగా మెరిసే ఆకారాలు కూడా ఆమె దర్శనాలలో ఎన్నో.

1917లో చార్లెస్ సింగర్ అనే ఇంగ్లీషు వైద్య చరిత్రకారుడు ఈ వర్ణనలనూ, వాటికి వేసిన బొమ్మలనూ పరిశీలించి, ఇవి పార్శ్వపు నొప్పికి ముందు కనిపించే వెలుగుల వంటివే అని తేల్చాడు. మెరిసే రవ్వలు, తరువాత వాటి స్థానంలో నల్లని ఖాళీ, కోటగోడ అంచులాంటి వంకర గీతలు. మైగ్రేన్ ఉన్న రోగులు నేటికీ డాక్టరు ముందు వర్ణించేవి ఇవే. 1970లో నరాల వైద్యుడు ఆలివర్ శాక్స్ మైగ్రేన్ మీద రాసిన పుస్తకంలో ఈ మాటను మళ్లీ ఎత్తాక లోకమంతా పాకింది. ఆ వెలుగులకు డాక్టర్లు పెట్టుకున్న పేరు ఆరా.

ఇది నిజమేనా? ఎనిమిది వందల ఏళ్ల కిందటి రోగిని ఇప్పుడు ఎవరూ పరీక్ష చేయలేరు. ఆమె తన జబ్బుల గురించి ఎంతో రాసుకుంది గానీ, దర్శనం వెంట తలనొప్పి వచ్చిందని చెప్పుకోలేదు. బాహ్య నేత్రాలతో చూడలేదని కూడా అంది. బొమ్మల్లో చిత్రకారుల చేయి ఎంతో ఎవరికి తెలుసు అని కొందరు చరిత్రకారులు సింగర్ మాటను కాదన్నారు. నెలసరితో ఆమె దర్శనాలకు లంకె ఉన్నట్లు కూడా ఎక్కడా లేదు. ముట్లుడిగిన ఎన్నో ఏళ్ల తరువాత, ఎనభైకి చేరువలోనూ ఆ వెలుగు ఆమెను విడవలేదు. అయితే నొప్పి లేకుండా ఆరా మాత్రమే వచ్చే మనుషులున్నారనీ, వయసు మీరినవారిలో అది అరుదు కాదనీ డాక్టర్లు చెబుతారు. నా మట్టుకు నాకు సింగర్ చెప్పింది కొట్టిపారేయదగినది కాదనిపిస్తుంది. దానివల్ల ఆమె పవిత్రతకు వచ్చిన లోటూ లేదు. మట్టిపాత్రలో నిధి ఉంచేవాడికి నరాల జబ్బు అడ్డమా? అలాగని కళ్ల ముందు మెరుపు కనబడిన ప్రతివారూ దర్శనం అనుకోవడం కూడా తగదు. ఆమెను పునీతురాలిని చేసింది మెరుపు కాదు.

ఆమె సొంత జబ్బుకు ఏ పేరు పెట్టినా, స్త్రీల జబ్బుల గురించి ఆమె రాసిన దాంట్లో మాత్రం అనుమానానికి చోటు లేదు. 1150 తరువాతి సంవత్సరాలలో ఆమె చెట్లు, రాళ్లు, జంతువుల గుణాల గురించి ఒక గ్రంథం, రోగాల కారణాలు – చికిత్సల గురించి ఇంకో గ్రంథం రాసింది. రెండవదాని పూర్తి ప్రతి లోకంలో ఒక్కటే మిగిలింది, అది డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్ గ్రంథాలయంలో ఉంది. అందులో ఈ మఠకన్య ఋతుస్రావం గురించి వైద్యురాలిలా, ఏ సంకోచమూ లేకుండా రాసింది. ఆ రోజులలో స్త్రీకి తల నొస్తుందనీ, కళ్లు మసకబారతాయనీ, ఒళ్లంతా నీరసిస్తుందనీ, స్రావం సకాలంలో, తగు పాళ్లలో జరిగితే కళ్లకు ఆ మసక ఉండదనీ చెప్పింది. తల, కళ్లు, నెలసరి, ఈ మూడింటినీ ఒక్కచోట చేర్చింది గమనించండి.

పార్శ్వపు నొప్పికి ఆమె వేరే వివరణ ఇచ్చింది. లతీనులో దాని పేరు ఎమిగ్రానియా, గ్రీకు మూలంలో సగం పుర్రె అని అర్థం. మన ఆయుర్వేదంలోని అర్ధావభేదకం అన్న మాటలోనూ ఆ సగం ఉంది. ఒంటిలోని చెడు రసాలన్నీ కలిసి ఈ నొప్పి పుట్టిస్తాయనీ, అది ఒకసారి కుడిపక్కన, ఒకసారి ఎడమపక్కన మాత్రమే పట్టడానికి కారణం ఉందనీ అంది. ఆ నొప్పి ఎంత బలమైనదంటే, తల మొత్తాన్ని ఒకేసారి పడితే మనిషి తట్టుకోలేడట. శరీరశాస్త్రం ప్రకారం ఇది సరికాకపోవచ్చు. కానీ ఆ నొప్పి పడినవారెవరైనా ఆ మాట రాసిన చేతికి దాని రుచి తెలుసని ఒప్పుకుంటారు. చికిత్సగా ముసాంబరం, దానికి రెండింతలు బోళం మెత్తగా నూరి, గోధుమపిండి, గసగసాల నూనె కలిపి ముద్ద చేసి, తలంతా మెడదాకా పట్టించి, టోపీ పెట్టి మూడు పగళ్లు మూడు రాత్రులు ఉంచమంది. ఎవరూ ప్రయత్నించవద్దని వేరే చెప్పనక్కరలేదు.

ఇంకా విలువైనది ‘స్కీవియాస్’లో ఉంది. ముట్టు రోజులలో స్త్రీని దేవుడు అసహ్యించుకోడనీ, ఆ రోజులలో ఆమెను ఎంతో మెత్తదనంతో, గాయానికి మందు వేసినట్లు చూసుకోవాలనీ, దేవాలయంలోకి వెళ్లకుండా ఆమె ఆగిపోనక్కరలేదనీ ఆమె రాసింది. పైగా, ఆ రోజుల స్త్రీకి తెరిచిన తలుపు, కొట్లాటలో దెబ్బతిని గాయాలతో వచ్చిన మగవానికి మాత్రం గట్టి అవసరముంటే తప్ప తెరవకూడదంది! ఆమె ఈ బాధను ఏవమ్మ పాపంతో ముడిపెట్టిందన్నది నిజమే. ఆ కాలపు ఆలోచన అది. కానీ ముడిపెట్టి దూరం పెట్టమనలేదు, దగ్గరకు తీసుకోమంది. మనలోనే కొందరు తల్లులు ఇప్పటికీ ఆ మూడు రోజులు దివ్యబలిపూజకు రావడానికి జంకుతారు, సత్ప్రసాదం తీసుకోవచ్చునా అని రహస్యంగా అడుగుతారు. శ్రీసభలో అలాంటి నిషేధం ఏదీ లేదు. తొమ్మిది వందల ఏళ్ల కిందట ఒక పునీతురాలు రాసినది మన ఊళ్లలో ఇంకా చేరవలసిన ఇళ్లు చేరలేదు.

ఇప్పటి వైద్యం ఏమంటుందో కూడా ఇక్కడే చెప్పుకోవాలి. నెలసరి ముందు ఒంటిలో ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఒక్కసారిగా పడిపోతుంది. ఆ పడిపోవడమే కొందరి మెదడులో నొప్పికి మీట నొక్కుతుంది. 1972లో సొమర్‌విల్ అనే ఆస్ట్రేలియా వైద్యుడు ఇలాంటి స్త్రీలకు ఆ సమయంలో ఈస్ట్రోజెన్ ఇంజెక్షను ఇచ్చి చూస్తే, ముట్టు వచ్చే రోజుకే వచ్చింది గానీ తలనొప్పి మాత్రం వాయిదా పడింది. గర్భసంచి పొర నుండి వెలువడే ప్రోస్టాగ్లాండిన్లు దీనికి ఇంకా ఆజ్యం పోస్తాయి. ముట్టుకు రెండు రోజుల ముందు నుండి మూడవ రోజు వరకు, మూడు నెలలలో కనీసం రెండు నెలలు వస్తుంటే దాన్ని నెలసరి మైగ్రేన్‌గా లెక్కిస్తారు. మామూలు మైగ్రేన్ కంటే ఇది ఎక్కువసేపు ఉంటుంది, వాంతులు ఎక్కువ, మాత్రలకు అంత త్వరగా లొంగదు. చాలామందికి గర్భం దాల్చిన నెలల్లో తగ్గుతుంది, ముట్లుడిగాక ఎక్కువమందికి నెమ్మదిస్తుంది. ముట్లుడిగే ముందు సంవత్సరాలలో మాత్రం చెలరేగుతుంది.

ఆ మెరుపు గీతల సంగతి వేరు. మెదడు పైపొర మీద ఒక అల నెమ్మదిగా పాకుతుంది, నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్లు. చీమ నడకైనా అంతకంటే వేగం. 1944లో లియావ్ అనే బ్రెజిల్ శాస్త్రజ్ఞుడు కుందేళ్ల మెదడులో ఈ అలను కనిపెట్టాడు. అది చూపు కేంద్రం మీదుగా వెళితే వెలుగులు, స్పర్శ కేంద్రం మీదుగా వెళితే తిమ్మిరి, మాట కేంద్రాన్ని తాకితే నోట మాట రాకపోవడం. అందుకే తిమ్మిరి ఒక్కసారి రాదు, వేలి నుండి పెదవికి నిమిషాల మీద పాకుతుంది. నెలసరి మైగ్రేన్‌లో ఆరా లేనివారే ఎక్కువ. వారికీ వేరే వింతలుంటాయి. ముందురోజు ఆగని ఆవులింతలు, ఏదో తినాలనే ఆరాటం, మెడ బిగుసుకోవడం. నొప్పి రోజున దువ్వెన తాకితే వెంట్రుకలు నొప్పి, కల్లు తాగినట్లు తూలడం, లేని వాసన రావడం. ఇవి పిచ్చి కాదు, గాలి కాదు, పని తప్పించుకునే నటన అంతకన్నా కాదు.

భయపడవలసిన చోటు మాత్రం ఉంది. తిమ్మిరి, మాట పడిపోవడం జీవితంలో మొదటిసారి వచ్చినా, పాకకుండా ఉన్నట్టుండి ఒకేసారి వచ్చినా, గంట దాటినా, ఒక పక్క చేయీ కాలూ నిజంగా బలం కోల్పోయినా, పిడుగుపడ్డట్టు క్షణంలో భరించలేని నొప్పి వచ్చినా, జ్వరంతో మెడ బిగిసినా, గర్భిణికి లేదా బాలింతకు కొత్తగా ఇలాంటి నొప్పి వచ్చినా తెల్లారేదాకా ఆగకూడదు. పక్షవాతానికీ దీనికీ తేడా డాక్టరు చూసి చెప్పాలి గానీ ఇంట్లో తేల్చేది కాదు. ఆరా వచ్చే స్త్రీలు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ముట్టు సరిచేయడానికో, మరొకదానికో ఇచ్చే హార్మోను మాత్రల్లో ఈస్ట్రోజెన్ ఉంటే, వారికి పక్షవాతం ముప్పు పెరుగుతుంది. బీడీ, సిగరెట్టు, తంబాకు అలవాటు తోడైతే ఇంకా ఎక్కువ. కనుక ఏ మాత్ర రాసినా నాకు ముందు వెలుగులు కనబడతాయమ్మా అని డాక్టరమ్మకు చెప్పాలి.

మందులున్నాయి. నొప్పి ముదరకముందే వేసుకునే మాత్రలు, ట్రిప్టాన్లనే ప్రత్యేక మందులు, తేదీ ముందే తెలిసినవారికి ఆ నాలుగైదు రోజులు ముందుజాగ్రత్తగా ఇచ్చేవి కూడా. ఇవి డాక్టరు రాయవలసినవి. కిరాణా కొట్టులో నొప్పి బిళ్ల కొని రోజూ మింగితే ఆ బిళ్లే తలనొప్పి తెస్తుంది. నెలలో పది పదిహేను రోజులు మాత్రలు వాడేవారికి జరిగేది ఇదే. పస్తులు, నిద్ర చాలకపోవడం, ఎండ, చాట మీద వంచిన మెడ, తంబాకు వాసన నొప్పిని ఎగదోస్తాయి. తపస్సు కాలంలో ఉపవాసం ఉండి నొప్పితో పడిపోయే తల్లులకు ఒక మాట: జబ్బు ఉన్నవారికి శ్రీసభ ఉపవాస నియమం నుండి మినహాయింపు ఉంది. గోడ మీది క్యాలెండరులో ముట్టు తేదీ ఒక గుర్తు, నొప్పి వచ్చిన రోజు ఇంకో గుర్తు, వెలుగులు కనబడితే మూడో గుర్తు మూడు నెలలు పెట్టి, ఆ క్యాలెండరు పట్టుకుని వెళ్లండి. నోరు రాకపోతే కాగితం చెబుతుంది. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వరంగల్, హైదరాబాదు పరుగెత్తవలసిన రోజులు కొంత తగ్గాయి.

స్త్రీల జబ్బు స్త్రీ చూడాలన్న మాట వచ్చింది కనుక ఒక పక్కదారి. మెల్‌బోర్నులో డాక్టరు చదివిన మేరీ గ్లౌరీ 1920లో గుంటూరు వచ్చి మఠంలో చేరి, డాక్టరుగా పనిచేయడానికి పోపుగారి నుండి ప్రత్యేక అనుమతి పొందింది. మఠకన్యలు వైద్యం, ముఖ్యంగా ప్రసూతి వైద్యం, చేయకూడదన్న కట్టుబాటు 1936 దాకా సడలలేదు. ఎనిమిది శతాబ్దాల ముందు హిల్డెగార్డు ఇదే విషయం మీద పుస్తకం రాస్తే ఎవరూ అడ్డుచెప్పలేదు. కాలం ఎప్పుడూ ముందుకే నడుస్తుందనుకుంటాం!

తిరిగి రైను తీరానికి. తన మఠకన్యలతో డిసిబోడెన్‌బెర్గు విడిచి, బింగెన్ దగ్గర రూపెర్ట్స్‌బెర్గులో సొంత మఠం కట్టుకోవాలని హిల్డెగార్డు నిశ్చయించింది. మఠాధిపతి కూనో ఒప్పుకోలేదు. ఆమె పేరుతో వచ్చే యాత్రికులు, కట్నాలు పోతాయి కదా. ఆమె మంచం పట్టింది. చేయి కదలదు, కాలు కదలదు, రాయిలా బిగుసుకుపోయింది. నటన అనుకున్న కూనో స్వయంగా వచ్చి ఆమె తల ఎత్తబోయాడు. ఎంత బలం పెట్టినా కదలలేదు. భయపడి అనుమతి ఇచ్చాడు. ఆమె లేచింది. 1150లో సుమారు ఇరవై మంది మఠకన్యలతో వెళ్లిపోయింది. దీన్ని మొండితనం అన్నవారున్నారు, దైవసంకల్పం అన్నవారున్నారు. తన ఒంటికి జరిగేదాన్ని ఆమె మాత్రం ఎన్నడూ అబద్ధం అనుకోలేదు, ఇతరులను అనుకోనివ్వలేదు.

అక్కడ పాటలు కట్టింది, డెబ్బైకి పైగా ఇప్పటికీ పాడుతున్నారు. అరవై దాటిన వయసులో గుర్రాల మీద, పడవల మీద ఊరూరా తిరిగి గురువులకే ప్రసంగాలు చేసింది. చక్రవర్తి ఫ్రెడరికు బార్బరోస్సాకు గట్టిగా జాబులు రాసింది. 1165లో నదికి ఆవలి ఒడ్డున ఐబింగెన్‌లో ఇంకో మఠం తీసుకుని, వారానికి రెండుసార్లు పడవలో వెళ్లి చూసుకునేదట. మధ్య మధ్య నెలల తరబడి, ఒకసారి ఏకంగా మూడేళ్లు జబ్బు.

ఎనభై ఏళ్ల వయసులో ఆమెకు ఆఖరి పరీక్ష వచ్చింది. ఒకప్పుడు వెలివేయబడిన కులీనుడొకరిని తన మఠ శ్మశానంలో పాతిపెట్టనిచ్చిందని, శవాన్ని తవ్వి తీయమని 1178లో మైంజు అధికారులు ఆజ్ఞ పంపారు. అతడు చావుకు ముందే శ్రీసభతో సమాధానపడ్డాడని ఆమె వాదన. తవ్వనివ్వలేదు. మఠంలో పాటతో పూజ, సత్ప్రసాదం రెండూ నిషేధించారు. పాట ఆపడం ఆ ముసలి తల్లికి ఒంటి నొప్పుల కంటే కష్టమైంది. దేవుని స్తుతించే నోరు మూయించేవారు పరలోకంలో దూతల పాట వినలేరని వారికి ఘాటుగా జాబు రాసింది. 1179లో అగ్రపీఠాధిపతి నిషేధం ఎత్తివేశారు. అదే ఏడు సెప్టెంబరు 17న ఆమె కన్నుమూసింది. ఆ రాత్రి ఆకాశంలో రెండు రంగురంగుల వెలుగు కమానులు ఒకదాని మీదుగా ఒకటి కనబడ్డాయని ఆమె చరిత్రలో రాశారు.

2012 మే 10న పోపు పదహారవ బెనెడిక్టుగారు ఆమె పునీతత్వాన్ని శ్రీసభ అంతటికీ ఖరారు చేశారు, అదే సంవత్సరం అక్టోబరు 7న శ్రీసభ పండితురాలిగా ప్రకటించారు. అప్పటికి ఆ బిరుదు పొందిన స్త్రీలు అవిలా తెరేసమ్మ, సియెన్నా కత్తరీనమ్మ, లిసియే తెరేసమ్మ ముగ్గురే.

ఆమె దర్శనాల బొమ్మలున్న అసలు గ్రంథం రెండవ ప్రపంచ యుద్ధంలో భద్రత కోసం డ్రెస్డెన్ పంపితే, 1945లో అక్కడి నుండి కనబడకుండా పోయింది. అయితే అంతకుముందే, 1927 నుండి 1933 దాకా ఐబింగెన్ మఠకన్యలు ఎదురుగా పెట్టుకుని, అదే కొలతలో, అవే రంగులతో చేత్తో ఒక ప్రతి రాసి, బొమ్మలు వేసుకున్నారు. నిప్పురవ్వలతో పడిపోతున్న ఆ నక్షత్రాన్ని, అది నల్లబడే చోటును నేడు డాక్టర్లు చూస్తున్నది ఆ ప్రతిలోనే.